ఆ పిల్ల వచ్చి చెప్పాలి

సంతకం పెట్టనని పొద్దున చెప్పాను, మధ్యాహ్నం భోజనాల వేళ మళ్ళీ చెప్పాను, ఇప్పుడు గుమ్మం బయట బెంచీ మీద కూర్చున్న ఆ మనిషికి మూడోసారి చెప్పడానికైనా నాకు అభ్యంతరం లేదు, నా గొంతేమీ అరిగిపోదు. కానీ ఆయన అడగడం మానేశాడు. అడగడం మానేసి ఊరికే కూర్చున్నాడు, అదీ నా చిక్కు. అరిచేవాళ్ళకి జవాబు చెప్పడం ఇన్నేళ్ళలో నేర్చుకున్నాను గానీ, కాళ్ళ మధ్య పనిముట్ల సంచీ ఉంచుకుని, తెరిచిన తలుపులోంచి నా బల్ల మీది కాగితాన్నే చూస్తూ కూర్చునే తండ్రికి ఏం చెప్పాలో నాకెవరూ నేర్పలేదు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇవాళ్టికి సెలవు పెట్టి వచ్చాడు, నీలం యూనిఫాం చొక్కా కూడా మార్చుకోలేదు. కూతురు నా దగ్గర మ్యాథ్స్ డిగ్రీ రెండో సంవత్సరం. ఒక పేపర్ తప్పింది, ఇంకో పేపర్ ఒడ్డున పడీపడనట్టు పడింది. కాబట్టి మ్యాథ్స్ మాన్పించి అకౌంట్స్ కోర్సులోకి మార్పించాలి, అక్కడ ఒక్క సీటు ఖాళీ అయింది, ఇవాళ ఆఫీసు మూసేదాకానే గడువు. కాగితం మీద మూడు సంతకాలు కావాలి. తండ్రిది అయిపోయింది, పెద్ద అక్షరాలతో, కాగితం వెనకవైపు చేత్తో తడిమితే తెలిసేంత గట్టిగా నొక్కి పెట్టాడు. పిల్లది మిగిలింది, నాది మిగిలింది. మ్యాథ్స్ పిల్లలు ఏ పేపర్ తీసుకోవాలి, ఏది వదలాలి, డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగం తలుపు తట్టాలి అని చెప్పే సలహాదారుని ఈ కాలేజీలో నేనే. ఆ పిల్ల వచ్చి, నా ఎదురుగా కూర్చుని, నేను వెళ్ళిపోతాను మేడం అని తన నోటితో చెబితే ఆ క్షణమే పెడతాను, కలం మూత కూడా తీసే ఉంచాను. ఆ పిల్ల రాకుండా మాత్రం పెట్టను. తండ్రి అడిగినా పెట్టను, తాత దిగివచ్చినా పెట్టను.

మూత తీసి ఉంచితే ఇంకు ఆరిపోతుందని మా చెల్లెలు తిడుతుంది, నర్సు కదా, ఏదీ తెరిచి ఉంచితే గిట్టదు దానికి, గాయాలూ సీసాలూ తలుపులూ. ఈ కాగితం రాబోతోందని నిన్న ఆఫీసువాళ్ళు చెప్పారు, రాత్రి అన్నం తింటూ దీని సంగతంతా చెబితే, ఒక్క సంతకానికి ఇంత రామాయణమా అక్కా, పెట్టి పారేయక, అంది. నువ్వు ఎవరి చేతికైనా వాళ్ళని అడక్కుండా సూది గుచ్చుతావా అన్నాను. అడుగుతూ కూర్చుంటే సగం వార్డు పారిపోతుంది అని నవ్వింది. నవ్వనీ. వార్డులో పడుకున్నవాళ్ళు లేచి వెళ్ళిపోవాలనే వస్తారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఉండాలో వెళ్ళాలో తేలక వస్తారు. ఈ గది ఒకప్పుడు ఆటసామాన్ల కొట్టు, వాన పడితే ఇప్పటికీ గోడల్లోంచి తోలు బంతి వాసన వస్తుంది. ఎదుటి గోడకి మా శాఖాధిపతి అంటించిన పోస్టరు: గణితం చదివితే ఎన్ని దారులో! అందులో టైలు కట్టుకుని నవ్వుతున్న అయిదుగురు, వాళ్ళలో ఒక్కడు కూడా జన్మలో ఒక సమీకరణం మీద రాత్రంతా కూర్చున్న ముఖంలా లేడు. ఆ పోస్టరు చూసి ఉద్యోగం ఎంచుకున్న పిల్లని నేనింతవరకూ ఎరగను. వాళ్ళు వచ్చి ముందు కిటికీ తియ్యమంటారు. తర్వాత, తప్పిన పేపరు మార్కుల కాగితం మీద కనబడుతుందా అని అడుగుతారు. బీమా కంపెనీ పరీక్ష ఎప్పుడు, టీచర్ ట్రైనింగుకి ఎంత పర్సెంటు రావాలి, కంప్యూటర్ కోర్సు ఏదైనా పక్కన చెయ్యాలా. అన్నిటికీ జవాబు రాసుకుంటారు, థాంక్యూ మేడం అంటారు, లేచి వెళ్తారు. అప్పుడు గడియ మీద చెయ్యివేసి, వెనక్కి తిరక్కుండా, అసలు ప్రశ్న అడుగుతారు. నాకు బుర్ర ఉందంటారా మేడం? నేను దీనికి తగినవాణ్ణేనా మేడం? అసలు ప్రశ్న ఎప్పుడూ గుమ్మం దగ్గరే. అందుకే ఎవరు లేచినా నేను వెంటనే తర్వాతివాళ్ళని పిలవను, వాళ్ళు గుమ్మం దాటేదాకా ఆగుతాను.

ఆ గుమ్మానికి అవతల ఇప్పుడు ఆయన ఫోను చెవికి ఆనించుకుని ఉన్నాడు. మోగుతోంది, ఎత్తడంలేదు. మోగుతోంది, ఎత్తడంలేదు. ఇప్పుడు మోగడం కూడా లేదు కాబోలు, ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, మొహానికి ఎదురుగా పెట్టుకుని చూస్తున్నాడు, అదేదో మనిషైనట్టు.

"ఈ టైముకి వస్తానందా అండీ?" అన్నాను, లోపల్నుంచే.

"రమ్మని చెప్పా. సరేనంది."

"సరేనని నోటితో అందా?"

"తలూపింది."

"ఎటు ఊపింది? నిలువుగానా, అడ్డంగానా?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు పాపం, కళ్ళు మూసుకుని పొద్దున్నటి వంటగదిని గుర్తుచేసుకున్నాడు. "స్టవ్ దగ్గర అటు తిరిగి ఉందండీ," అన్నాడు చివరికి.

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. స్టవ్ వైపు తిరిగి ఊపిన తల మీద ఆధారపడి ఒక జీవితాన్ని ఒక కోర్సులోంచి ఇంకో కోర్సులోకి సామాను మోసినట్టు మోసేద్దామని వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. పొద్దున చెప్పాడు, తన అన్నగారి కొడుకు మ్యాథ్స్ డిగ్రీ చేశాడట, ఇప్పుడు స్కూటరు మీద ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు చెబుతున్నాడట, వానొస్తే బడిపిల్లల పుస్తకాలు చొక్కాలో దాచుకుని వస్తాడట. నా కూతురు అలా తిరగాలా మేడం, అన్నాడు. తిరిగితే ఏమండీ అని నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఆయన భయాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. వెక్కిరించను. కానీ ఆయన భయానికి ఆయన కూతురు ఎందుకు సంతకం పెట్టాలి?

క్లాసులో దానికి పడిన పేరు 'కాదేమో'. నా పేరు 'ఎందుకంటే మేడం', ఎవరేం చెప్పినా 'ఎందుకంటే?' అని అడుగుతానని వెనక బెంచీలవాళ్ళు పెట్టారు, నాకు ఇష్టమే. దాని పేరు దానంతటదే వచ్చింది. బోర్డు మీద నేనొక మాట రాసి తిరిగేసరికి, మూలనుంచి ఒక సన్నటి గొంతు, కాదేమో మేడం. ఏది కాదు అంటే లేచి నిలబడేది, ముందు భయపడేది, తర్వాత భయం సంగతి మర్చిపోయేది. నేను చెప్పినదాంట్లో నూటికి తొంభైసార్లు తప్పుండదు, అయినా అది నాలుగు రకాలుగా కెలికి, ఎక్కడైనా ఒక్క చోటయినా విరుగుతుందేమో చూసేది. కోడిగుడ్డుకు ఈకలు పీకుతోంది మేడం అని మిగతావాళ్ళు విసుక్కునేవాళ్ళు. కానీ మా విద్యలో కోడిగుడ్డుకు ఈక దొరికిందంటే దాన్ని కొత్త సిద్ధాంతం అంటారు. ఆ పిల్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసినట్టుంది, మొండిఘటం.

తప్పిన పేపరు కథ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అనాలిసిస్ పేపర్లో మూడో ప్రశ్న: ఒక అంతరం మీద ఎక్కడా తెగకుండా సాగే ప్రతి ప్రమేయమూ హద్దుల్లోనే ఉంటుందని నిరూపించండి. ఆ అంతరం, అంటే రెండు సంఖ్యల మధ్య మేర, రెండు కొసలూ తనలోనే కలుపుకున్నదై ఉండాలి, అప్పుడే ఆ మాట నిజం. ఆ కొసల సంగతి చెప్పే ఒకే ఒక్క పదం అచ్చులో ఎగిరిపోయింది. ఎగిరిపోయిందని ఒక్కరూ చూడలేదు. అందరూ పుస్తకంలో బట్టీపట్టిన నిరూపణ దించేశారు, అబద్ధాన్ని నిజమని ఎనిమిది వరసల్లో నిరూపించి, కింద గీత గీసి, తర్వాతి ప్రశ్నకి వెళ్ళారు. ఇది ఒక్కతే ఆగింది. ఇది నిజం కాదేమో అని రాసింది, రాసి, సున్నా ఉన్న ఒక్క కొసని మాత్రం వదిలేసి, దాని దగ్గరికి పోయేకొద్దీ ఆకాశానికి ఎగబాకే ప్రమేయాన్ని తెచ్చి నిలబెట్టింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. మరి ఏ మాట కలిపితే నిజమవుతుంది, ఏ మాట తీస్తే విరుగుతుంది అని మూడు పేజీలు రాసుకుంటూ పోయింది, గంట కొట్టారు, మిగిలిన ప్రశ్నలన్నీ తెల్లగా ఉండిపోయాయి. దిద్దినాయన దగ్గర అచ్చువేసిన జవాబుంది, దాంతో కలవలేదు, సున్నా చుట్టాడు. నేను ఆ కాగితాలు పట్టుకుని మూడు గదులు తిరిగాను, అరిచాను, ఒక పెద్దాయన బల్ల మీద చేత్తో కొట్టాను కూడా. చివరికి ఏం చేశారు? ప్రశ్నలో అచ్చుతప్పు దొర్లినందున, దాన్ని రాసిన వాళ్ళందరికీ పూర్తి మార్కులు. అందరికీ! అబద్ధాన్ని నిరూపించినవాళ్ళకీ, అది అబద్ధమని కనిపెట్టినదానికీ, ఒకే తూకం. ఆ మార్కులు కలిసినా అది పాసు గీతకి కిందే ఉండిపోయింది. తప్పింది అన్నారు. తప్పింది ప్రశ్నపత్రం!

గాలి తిరిగింది, కిటికీ రెక్క కొట్టుకుంది. సైకిళ్ళ షెడ్డులోంచి పిల్లలు వెళ్ళిపోతున్నారు. బెంచీ మీద ఆయన కాళ్ళు చాపుకుని మళ్ళీ ముడుచుకున్నాడు. నన్నెవరు అడిగారు ఆ వయసులో? మా చిన్నాన్న అడిగాడా? కాలేజీ ఆఫీసు కిటికీ ముందు వరసలో నన్ను పక్కన నిలబెట్టుకుని, గుమాస్తా ఏ గ్రూపండీ అంటే, ఒక్క నిమిషం పైకప్పు చూసి, కెమిస్ట్రీ వద్దు చేతులు కాల్చుకుంటుంది, జువాలజీ వద్దు కప్పల్ని చూస్తే అరుస్తుంది, మ్యాథ్స్ రాసుకోండి, దాంట్లో ప్రమాదమేం లేదు అన్నాడు. ప్రమాదమేం లేదట! నాకు కప్పలంటే భయమే లేదు, అరిచేది మా చెల్లెలు, మా ఇద్దరిలో ఎవరు అరుస్తారో కూడా ఆయనకి గుర్తులేదు. అలా వచ్చి పడ్డాను మ్యాథ్స్‌లోకి. మొదటి ఏడాదంతా కోపంతో చదివాను, రెండో ఏడాది ఎవరికో ఏదో చూపించాలని చదివాను, మూడో ఏడాది ఒక సాయంత్రం లైబ్రరీలో, ఒక నిరూపణ మధ్యలో, చేయి ఆగి, అరే, ఇది ఇంకోలా ఉండే వీలే లేదు అని తెలిసినప్పుడు, చిన్నాన్న మీద కోపం ఎటుపోయిందో పోయింది. అదృష్టం. మంచి జరిగింది కాబట్టి ఆయన చేసింది మంచే అని మా అమ్మ అంటుంది. నేను ఒప్పుకోను. పైకప్పు చూసి చెప్పిన జవాబు సరిపోయినంత మాత్రాన లెక్క చేసినట్టు కాదు.

"ఇంకా ఇక్కడే ఉన్నారా మేడం?"

శాతం సార్. మా శాఖాధిపతి. పిల్లలు పెట్టిన పేర్లలో అన్నిటికంటే సరిగ్గా అతికింది ఈయనదే, ఆయన ఇంట్లో పెరుగు తోడుకున్నదా అని అడిగినా శాతంలోనే చెబుతాడేమో. బెంచీ మీది ఆయన్ని చూసి తల పంకించి, లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేశాడు.

"పెట్టేయండి మేడం. ఆ అమ్మాయి వెళ్ళిపోతే మన పాస్ పర్సెంటేజీ రెండు శాతం పెరుగుతుంది. తండ్రి కోరుకుంటున్నాడు, ఆఫీసు ఒప్పుకుంది, మధ్యలో మీకేమిటి?"

"అమ్మాయి ఏం కోరుకుంటోందో తెలియాలి కదా సార్."

"పంతొమ్మిదేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుందండీ?"

"ఓటెయ్యడం తెలుస్తుందని ప్రభుత్వం నమ్మింది సార్."

ఆయన మొహం ముడుచుకుంది. గొంతు తగ్గించాడు, గొంతు తగ్గించినప్పుడే ఆయన అసలు మాట చెబుతాడు. "చూడండి, ఈ సలహాల పని మీకు ఇష్టమని నాకు తెలుసు. కానీ వచ్చే నెల్నించి దీన్ని ఇంకెవరికైనా ఇవ్వాలని పైనుంచి అంటున్నారు. నేనే ఆపుతున్నాను."

"ఆపకండి సార్."

"ఏంటి?"

"ఆపకండి, ఇచ్చేయండి. ఎవరికిచ్చినా ఇవాళ ఆఫీసు మూసేదాకా ఈ కుర్చీ నాది. ఆ పిల్ల రాకుండా సంతకం పెట్టను. కావాలంటే మీరే పెట్టండి, నా పేరున్న గీత కింద మీ పేరు రాసి."

పెట్టడు. తెలుసు నాకు. శాతాలు ఆయనవి, సంతకాలు వేరేవాళ్ళవి కావాలి. వెళ్ళిపోయాడు, తలుపు తీసేసి మరీ వెళ్ళాడు. ఆయన చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది. కాగితాన్ని నా వైపు లాక్కుని, కలం దాని పక్కనే పెట్టాను. చూడకుండానే సున్నాలు చుట్టగలిగినవాళ్ళున్నారు, చూసి సంతకం మానలేనా?

అయితే, నువ్వు ఎవర్నీ పోనివ్వవా, అని అడుగుతోంది లోపల ఒక గొంతు, అది మా చెల్లెలి గొంతులా ఉంది. ఎందుకు పోనివ్వను? మొన్నామధ్య ఒకతను, పొడుగ్గా, ఎప్పుడూ కాగితం చివర్లలో పక్షుల బొమ్మలు వేసేవాడు, ఇదే కుర్చీలో కూర్చుని, మేడం నాకు ఇది పడటంలేదు, రోజూ పొద్దున లేవాలనిపించడంలేదు అన్నాడు. 'ఎందుకంటే?' అని కూడా అడగలేదు నేను. ఆ మాటే 'ఎందుకంటే'కి జవాబు. అప్పుడే పెట్టాను, ఇదే కలంతో. ఇప్పుడు బడి పుస్తకాలకి బొమ్మలు వేస్తున్నాడు, రోడ్డు మీద కనబడితే అటునించి చెయ్యి ఊపుతాడు. ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఒకమ్మాయి రైళ్ళ టైంటేబుళ్ళు వేస్తోంది, ఒక బండి ఆలస్యమైతే ఎన్ని బండ్లు ఆగాలో దానికి తెలుసు. ఒకతను వాతావరణ ఆఫీసులో. ఒకామె ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుంది, నెలకోసారి ఫోన్ చేసి, మేడం, ఇవాళ ఒక్కడికి అర్థమైంది అంటుంది, ఆ ఒక్కణ్ణి గురించి అరగంట మాట్లాడుతుంది. ఇద్దరు ముగ్గురు ఏమయ్యారో తెలియదు. ఈ పిల్ల ఏమవుతుందో కూడా నాకు తెలియదు. స్కూటరు మీద ట్యూషన్లు తిరుగుతుందేమో, ఎవరూ తెరవని తలుపొకటి తెరుస్తుందేమో, మళ్ళీ తప్పుతుందేమో. తెలుసునని చెప్పే సలహాదారుల్ని నేను నమ్మను. వదిలెయ్యడం తప్పు కాదు. వదిలించడం తప్పు. నాకు తెలిసింది ఇంతే, దీనికి నిరూపణ అడిగితే ఇవ్వలేను, కానీ దీన్ని విరిచే ఉదాహరణ ఒక్కటి తెండి చూద్దాం.

క్రితం వారం వచ్చింది అది, నేను పిలిస్తే. కుర్చీలో అంచున కూర్చుంది. ఇంట్లో మాన్పిస్తామంటున్నారు మేడం, అంది. నువ్వేమంటున్నావ్ అంటే, నేనేం అనడంలేదు, అంది. మళ్ళీ రాసే పరీక్షకి తేదీలు చెప్పాను, మొదట వచ్చిన ప్రశ్నలన్నీ రాసి, పోట్లాట చివర పెట్టుకో అని చెప్పాను, నవ్వింది. లేచింది. గుమ్మం దగ్గరికి వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది.

"ఫెయిలైనవాళ్ళకి కూడా ఇష్టం ఉండొచ్చా మేడం?"

"ఉండొచ్చు. దానికి పాసు మార్కులు లేవు," అన్నాను.

వెనక్కి తిరగలేదు. భుజాలు ఒక్కసారి పైకి లేచి దిగాయి. వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా క్లాసుకి వచ్చింది, మూలన కూర్చుని రాసుకుంది. ఇంటి సంగతి ఎంత మాట్లాడని పిల్లయినా ఇవాళ వచ్చి ఒక్క ముక్క చెప్పొచ్చు కదా. ఉంటాననో పోతాననో. ఇక్కడ ఇద్దరం దీని కోసం కళ్ళు కాయలు కాచేలా కూర్చున్నాం. తండ్రి మీద ఎంత కోపమొచ్చినా, పదినిమిషాలుగా నాక్కూడా దాని మీద కోపంగా ఉంది, నేనింత పోట్లాడుతుంటే ఎదురుగా వచ్చి నిలబడదేం? అనుకున్నాను, అనుకున్న వెంటనే ఆయన లేచి గుమ్మంలో నిలబడ్డాడు, మొహం తెల్లబోయి ఉంది.

"ఫోను ఆఫ్ చేసేసిందండీ. ఎక్కడికెళ్ళిందో. పొద్దున కొంచెం గట్టిగా అరిచాను." కాగితం వైపు చూడటంలేదు ఇప్పుడు. "ఏమైనా చేసుకుంటుందంటారా?"

నా కుర్చీ వెనక్కి ఎప్పుడు పడిందో నాకు తెలియదు. వరండాలోకి వచ్చేశాను. మూడో సంవత్సరం పిల్లాడొకడు మెట్లు దిగి వస్తున్నాడు, సంచీ ఒక భుజానికి వేసుకుని, ఈలవేస్తూ. నన్ను చూసి ఈల ఆపాడు. 'కాదేమో'ని చూశావా అన్నాను, దాని అసలు పేరు కూడా నోటికి రాలేదు.

"పైన ఉంది మేడం, మా క్లాసులో."

"మీ క్లాసులోనా? అది రెండో సంవత్సరం కదా!"

"రెండు వారాల్నించి వస్తోంది మేడం. వద్దంటే వినదు. పెద్దసార్ ఇంకా వదల్లేదు, నాకు బస్సుందని నేను వచ్చేశా."

ఆయన లిఫ్టు వైపు కన్నెత్తి కూడా చూడలేదు, మెట్లకి పడ్డాడు, లిఫ్టులు బాగుచేసేవాడికి లిఫ్టు మీద ఎంత నమ్మకమో అప్పుడు తెలిసింది. సంచీలో పనిముట్లు మెట్టుమెట్టుకీ గలగలమంటున్నాయి. వెనకాల నేను, ఆయాసపడుతూ. పై అంతస్తులో చివరి గది, తలుపు సగం తెరిచి ఉంది. పెద్దసార్, మా శాఖలో అందరికంటే పాత మాస్టారు, గంట కొట్టాక కూడా పాఠం చెప్పే మనిషి, బోర్డంతా నింపేశాడు, డస్టరు ఎత్తాడు. పిల్లలు అప్పటికే పుస్తకాలు మూస్తున్నారు.

"చెరపకండి సార్," అంది చివరి బెంచీ నుంచి ఆ గొంతు.

పెద్దసార్ కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఎవరమ్మా నువ్వు? మా క్లాసు పిల్లవి కాదనుకుంటా?"

"కాదు సార్."

"మరి?"

"ఆ రెండో లైను నాకు నమ్మకం కుదరలేదు సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దసార్ బోర్డు వైపు తిరిగాడు, రెండో లైను దగ్గర ఆగాడు, డస్టరు బల్ల మీద పెట్టేశాడు.

కింద ఆఫీసు షట్టరు దించుతున్నారు, ఆ చప్పుడు మెట్లమీదుగా పైకి వచ్చింది. తండ్రి ఉలిక్కిపడ్డాడు. "పిలవండి మేడం, మూసేస్తున్నారు."

"మీ కూతురు కదండీ, మీరే పిలవండి," అన్నాను.

ఆయన చేత్తో తలుపు ఇంకాస్త తోశాడు, తలుపు కిర్రుమంది. ఆ చప్పుడుకి అది తలెత్తింది. గుమ్మంలో ఇద్దరం, దాని బతుకు గురించి పొద్దుట్నించి వాదించుకుంటున్న ఇద్దరం. ఒకరి తర్వాత ఒకరిని చూసింది, ముందు నాన్నని, తర్వాత నన్ను. తప్పు చేసి దొరికిపోయిన మొహం కాదు. వస్తున్నానని సైగ చెయ్యలేదు. ఒక్క క్షణం అలా చూసి, తల తిప్పుకుని, బోర్డు మీది రెండో లైనుని తన పుస్తకంలోకి దించుకోవడం మొదలుపెట్టింది.